బిడ్డను లోపల పెట్టి బయట తాళం వేస్తున్నారా?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు ఇచ్చారంటే విజయవాడ, గుంటూరు ఇళ్లల్లో ఒక లెక్క తేలక నలుగుతూ ఉంటుంది. ఇద్దరూ ఉద్యోగాలకు పోవాలి. బడి లేదు. ఊళ్లో అమ్మమ్మను తెచ్చి పెట్టుకుందామంటే మోకాళ్ల నొప్పులతో మూడో అంతస్తు ఎక్కలేదు. పిల్లాణ్ని ఒక్కణ్నే ఇంట్లో ఉంచొచ్చా, ఎన్నేళ్లొస్తే ఉంచొచ్చు అని అడిగితే ఒకరు పదంటారు, ఒకరు పన్నెండంటారు. పెద్దవాళ్లయితే ‘మా రోజుల్లో అయిదేళ్లకే చెరువు నుంచి నీళ్లు మోశాం’ అంటారు. ఆ రోజుల్లో ప్రతి అరుగు మీదా ఒక మామ్మగారు కాపలా కూర్చునేదన్న సంగతి మాత్రం మర్చిపోతారు. బళ్లలో, పిల్లల వార్డుల్లో పనిచేసినవాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

వయసు చెప్పేముందు తలుపు సంగతి చెప్పాలి. బయట గొళ్లెం పెట్టి, తాళంకప్ప వేసి వెళ్లడం మన దగ్గర మామూలైపోయింది. లోపల పిల్లాడు టీవీ చూస్తుంటాడు, బయటివాళ్లు రాలేరు, వీడు వీధిలోకి పోలేడు, తల్లికి నిశ్చింత. కానీ ఆ తాళం ఎందుకు వేస్తున్నాం? వీడు తలుపు తీసి ఎటైనా పోతాడని. అంటే వీణ్ని నమ్మలేమనే కదా. నమ్మలేని బిడ్డ ఒంటరిగా ఉండే స్థితికి రానట్టే. వచ్చాడనుకుంటే తాళం అక్కర్లేదు. ‘ఇంకా చిన్నవాడే, అయినా తాళం వేశాంగా’ అనేది మాత్రం కుదరదు. మన ఫ్లాట్లలో కిటికీ గ్రిల్లు గోడలోకే బిగించి ఉంటుంది, బాల్కనీకి దొంగల భయంతో ఇంకో గ్రిల్లు వేయిస్తాం. ఇక మిగిలేది సింహద్వారం ఒక్కటే. దానికి బయట తాళం పడితే పొగ కమ్మినప్పుడు పిల్లాడికి దారి లేదు, పక్కింటివాళ్లు గునపం వెతుక్కునేసరికి ఆలస్యమైపోతుంది. అగ్నిప్రమాదాల్లో మంట అంటుకోవడం కంటే ముందు పొగే ప్రాణం తీస్తుంది, అదీ నిమిషాల్లో.

తలుపు ఎలా ఉండాలంటే, లోపల నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి, బయట నుంచి చెవి ఉన్నవాళ్లే తీయగలగాలి. నైట్‌ల్యాచ్ ఆ పని చేస్తుంది. రెండో చెవి ఎదురింట్లో ఉండాలి. దానితోపాటు ‘పైగడియ వేసుకోకు’ అని పిల్లాడికి గట్టిగా చెప్పాలి. భయం వేసి కుర్చీ ఎక్కి పైగడియ పెట్టుకున్నాడో, చెవి చేతిలో ఉన్నా మనం లోపలికి పోలేం. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు బిగుసుకుంటుంది, గడియ పిల్లల వేళ్లకు లొంగదు. రెండు చుక్కల నూనె వేసి, పిల్లాడి చేతే తీయించి చూడండి. కరెంటు పోయిన చీకట్లో, కళ్లు మూసుకుని, పది సెకన్లలో తలుపు తీయగలగాలి. బయట జాలీ గేటు ఉంటే దాని చెవి లోపలి గోడకు పిల్లాడి భుజం ఎత్తులో మేకుకు వేలాడదీయండి, అయితే బయట నుంచి చెయ్యి పెడితే అందనంత దూరంలో. స్నానాలగది తలుపుకు లోపలి గడియ తీసేయడమే మేలు. గాలికి దఢాలున మూసుకునే పడగ్గది తలుపు కింద చెక్కముక్క పెట్టండి.

తలుపు తర్వాత ఫోను. ఒకప్పుడు ప్రతి ఇంట్లో ల్యాండ్‌లైన్ మోగుతుండేది. ఇప్పుడు ఇంటి ఫోనంటే అమ్మ సంచీలో ఒకటి, నాన్న జేబులో ఒకటి. ఇద్దరూ గడప దాటగానే ఇంట్లో ఫోనే ఉండదు. ఇది చాలామందికి తట్టదు. బొత్తాల ఫోను ఒకటి కొని, దానికి సిమ్ వేసి, టీవీ పక్కన ఒకే చోట ఉంచండి. రెండు నొక్కి పట్టుకుంటే అమ్మకు, మూడు నొక్కితే నాన్నకు, నాలుగు నొక్కితే ఎదురింటికి పోయేలా పెట్టండి. రీచార్జి గడువు దాటితే బయటికి చేసేదే కాదు, వచ్చే కాల్ కూడా ఆగిపోతుంది. అందుకని నెల తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు కరెంటు లేక ఫోన్లు చచ్చిపోయాయి. అలాంటప్పుడు ఫోన్లో దాచిన నంబరు ఎందుకూ పనికిరాదు. స్మార్ట్‌ఫోను ఇవ్వొచ్చు కదా అంటే, ఆటలో మునిగి దాని చార్జింగు అవగొట్టేసేది వాడే. ఆపదకు వేరే ఫోను ఉండాల్సిందే.

ఫోను ఉంటే సరా, ఎక్కడున్నావు అని అడిగితే చెప్పాలిగా. విజయవాడ డోరు నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు అంటూ గీతలు పెట్టి పొడుగ్గా ఉంటాయి, పెద్దలకే గుర్తుండవు. గుంటూరు బ్రాడీపేట పిల్లలకు కొంత సుఖం, లైను, అడ్డరోడ్డు చెబితే ఇంటి దాకా వచ్చేస్తారు. మీ ఇల్లు ఎక్కడున్నా పిల్లాడి నోట మూడు ముక్కలు రావాలి: పేట పేరు, అందరికీ తెలిసిన గుర్తు, అంతస్తు. ‘పటమట, రామాలయం పక్క సందు, నీలం గేటు, మూడో అంతస్తు’ అన్నట్టు. ఏ ఆపదకైనా పనికొచ్చే 112కు ఫోను చేస్తే ఏం అడుగుతారో మీరే అడిగి చెప్పించండి: నీ పేరేంటి, ఏం జరిగింది, ఎక్కడ, ఎవరికైనా దెబ్బ తగిలిందా. ‘మేం పెట్టేదాకా నువ్వు పెట్టెయ్యకు’ అన్నది ముఖ్యం. పిల్లలు ‘మంట!’ అని అరిచి ఫోను పెట్టేస్తారు.

ఇప్పుడు వయసు. మన చట్టాల్లో ఇన్నేళ్లకు ఒంటరిగా ఉంచొచ్చు అని ఎక్కడా రాసి లేదు. బాలల న్యాయం, సంరక్షణకు సంబంధించిన 2015 చట్టం (జువెనైల్ జస్టిస్ చట్టం) 75వ సెక్షన్ ప్రకారం, తన సంరక్షణలో ఉన్న బిడ్డకు బాధ కలిగేలా కావాలని నిర్లక్ష్యం చేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. వయసు గీయలేదు గానీ, జరగరానిది జరిగితే తల్లిదండ్రుల వైపు వేలు చూపేది ఈ సెక్షనే. అమెరికాలో ఉన్న బంధువులు ‘ఇక్కడైతే పోలీసులొస్తారు’ అంటుంటారు. అక్కడా రాష్ట్రానికో తీరు. మేరీల్యాండ్‌లో ఎనిమిదేళ్ల లోపు బిడ్డను ఒంటరిగా వదలకూడదు, కాపలా ఉండేవాళ్లకు పదమూడేళ్లయినా నిండాలి. బ్రిటన్‌లో అంకె లేదు.

అంకె చెప్పమని పట్టుబడితే మా మాట ఇది, ఇది చట్టం కాదు. ఆరేళ్ల లోపు పిల్లల్ని పాలప్యాకెట్టు కోసం కిందికి దిగే అయిదు నిమిషాలు కూడా వదలొద్దు. వాళ్లకు ‘అమ్మ ఇప్పుడే వస్తుంది’ అన్న మాట నిలవదు, వెతుక్కుంటూ బయల్దేరతారు. ఏడెనిమిదేళ్లకు పట్టపగలు, ఎదురింటివాళ్లకు చెప్పి, పది పదిహేను నిమిషాలు. తొమ్మిది, పది వచ్చాక అరగంట నుంచి గంట. పదకొండు, పన్నెండుకు బడి నుంచి వచ్చి మీరు వచ్చేదాకా రెండు మూడు గంటలు ఉండగలరు, ముందు అలవాటు చేస్తేనే. పూట పూటంతా, అదీ స్టౌ ముట్టుకునే స్వేచ్ఛతో, పదమూడు పద్నాలుగు ముందు వద్దు. రాత్రంతా ఒంటరిగా అనేది పదహారు దాటాక మాట్లాడుకుందాం. ఫిట్స్, ఆస్తమా లాంటివి ఉన్న పిల్లలకు ఈ లెక్కలు వర్తించవు. వాళ్లకు మందు ఇవ్వగల పెద్దవాళ్లు పక్కన ఉండాల్సిందే.

వయసు కంటే బాగా పనిచేసే పరీక్షలు కొన్ని ఉన్నాయి. చెప్పకుండానే పని చేస్తాడా? ‘ఫ్రిజ్‌లో పెరుగన్నం ఉంది, ఒంటిగంటకు తిను’ అంటే తింటాడా, లేక మనం ఫోను చేసేదాకా ఆకలి గుర్తుకు రాదా? అబద్ధం ఆడకుండా జరిగింది చెబుతాడా? భయం వేస్తే ఒప్పుకుంటాడా? వాడు సరేనన్నాడని వదలొద్దు. అన్నయ్య ఉండగలిగాడని, తను మగాణ్నని, ఊరికే బింకానికి సరే అనే పిల్లలు ఎక్కువ. ఎనిమిదో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ లెక్కలు చేసేవాడు కూడా ఫ్యాను ఆగి కరెంటు పోతే ఏం చేయాలో తెలియక మంచం మీద ముడుచుకు కూర్చుంటాడు. ఆ చదువు వేరు, ఇది వేరు.

అలవాటు మెట్టు మెట్టుగా చేయాలి. మొదటి వారం, వీధి చివర పచారీ కొట్టుకు వెళ్లి రావడం, పది నిమిషాలు. వెళ్లేముందు ‘నేను వచ్చేలోపు ఏం చేస్తుంటావు’ అని అడగండి, వచ్చాక ‘ఏమైంది’ అని అడగండి. రెండు మూడు సార్లు సాఫీగా జరిగితే అరగంట. ఆ తర్వాత మీరు కిందే ఉండి ఎంసీబీ (బోర్డులో కరెంటు ఆపే స్విచ్చి) ఒకటి దించి, కరెంటు పోతే ఏం చేస్తాడో చూడండి. ఒకసారి మీ స్నేహితుడి చేత తలుపు తట్టించండి, తీస్తాడా లేదా తెలుస్తుంది. తీశాడా, తిట్టక్కర్లేదు. మళ్లీ పది నిమిషాల దగ్గరికి రండి. నెల పడుతుంది ఈ పని. సెలవులు ఇచ్చిన రోజే మొదలుపెడితే కుదరదు, పరీక్షలు అయ్యేలోపు ఆదివారాల్లో కానిచ్చేయాలి.

ఇంట్లో ఏవేం తీసేయాలి, ఏవేం ఉంచాలి అంటే, ముందు దేవుడి మూల చూడండి. పొద్దున దీపం పెట్టి, అది కొండెక్కేదాకా ఆగకుండా ఆఫీసుకు పరిగెత్తడం మనవాళ్లకు అలవాటు. ఫ్యాను గాలికి కర్టెన్ అంచు దీపానికి తగలడానికి ఎంతో సేపు పట్టదు. దీపం ఘనం చేసి, అగరొత్తి ఆర్పి, దోమల చుట్ట మీద నీళ్లు చల్లి, అప్పుడు గడప దాటండి. అగ్గిపెట్టె, కర్పూరం పై అరలోకి పోవాలి.

తర్వాత గ్యాసు. స్టౌ నాబ్ తిప్పేస్తే సరిపోదు, బండ దగ్గర రెగ్యులేటరు మూసి వెళ్లాలి. ఎల్పీజీ గాలికంటే బరువు, కారితే నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే పిల్లాడు చేయాల్సింది కిటికీలు తీయడం, బండ దగ్గరికి పోయి తిప్పడం ఇవేవీ కాదు. ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికి నడవడం ఒక్కటే. లైటు వేయకూడదు, వేసున్నది ఆర్పనూ కూడదు. కాలింగ్ బెల్లు కూడా స్విచ్చే అని పిల్లలకు తట్టదు, అందుకే పక్కింటి తలుపు చేత్తో కొట్టాలని చెప్పండి. ఫోను బయటికి వెళ్లాకే. ఒంటరిగా ఉన్న పిల్లలకు వేడి చేసుకునే తిండి పెట్టొద్దు. హాట్‌బాక్సులో అన్నం, పెరుగు, అరటిపండు చాలు. వంట నేర్పాలంటే మీరు పక్కన ఉండి నేర్పండి. కుక్కరు ఆవిరి పూర్తిగా పోకముందు మూత తిప్పడం, పొడుగు చేతుల చొక్కా మంట మీదుగా పోవడం, ఈ రెంటితోనే ఎక్కువగా కాలుతుంది. కాలితే ఇరవై నిమిషాలు కొళాయి నీళ్ల కింద పట్టడమే మందు. టూత్‌పేస్టు, పసుపు, సిరా రాసుకుని వస్తే ఆసుపత్రిలో ముందు అవి కడగాల్సి వస్తుంది, పిల్లాడు రెండోసారి ఏడుస్తాడు.

మన ఊళ్లకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది, కూలర్. నలభై దాటిన ఎండలో రోజంతా కూలర్ ఆడుతుంది, నీళ్లు అయిపోతే పిల్లాడే బకెట్‌తో పోయడానికి వస్తాడు. రేకు బాడీ, లోపల నీళ్లల్లో మునిగిన చిన్న పంపు, దాని వైరు తొడుగు ఏటా ఎండకు తడికి చిట్లుతుంది. ఎర్త్ లేని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే రేకంతా కరెంటే. తడి కాళ్లు, తడి నేల, చేతిలో బకెట్టు. పిల్లాడికి ఇంత కంటే చెడ్డ చోటు ఇంట్లో లేదు. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉన్న సాకెట్టు, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) ఉన్నాయా లేదా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బొత్తాం నెలకోసారి నొక్కితే కిందికి పడాలి, పడకపోతే అది అలంకారానికే. మీరు వెళ్లేముందు కూలర్ నిండా నీళ్లు పోసి వెళ్లండి, పిల్లాడు దాని జోలికి పోవక్కర్లేదు. ఎవరికైనా షాక్ కొడితే చెయ్యి పట్టి లాగకుండా మెయిన్ దించాలని, మెయిన్ ఎక్కడుందో చూపించి మరీ చెప్పండి. చాలా ఇళ్లల్లో ఆ బోర్డు ముందు బట్టల స్టాండు ఉంటుంది. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే రాడ్డు మాత్రం ఎత్తి దాచేయాల్సిందే.

సీసాలు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్, ఫినాయిలు కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టే అలవాటు ఇంకా పోలేదు. పల్నాడు వైపు నుంచి వచ్చి గుంటూరులో ఉండేవాళ్ల ఇళ్లల్లో పత్తికి, మిరపకు కొట్టిన మందు మిగులు కూడా ఉంటుంది. దాహమేసిన పిల్లాడు వాసన చూసి తాగడు, ఎత్తి గడగడా తాగేస్తాడు. తాగితే వాంతి చేయించొద్దు, యాసిడ్ పైకొస్తూ రెండోసారి గొంతు కాలుస్తుంది. సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డాక్టరు అడిగే మొదటి మాట ‘ఏ మందు’ అనే. రిమోట్‌లో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బొత్తాం బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలడం మొదలవుతుంది, ‘రేపు పొద్దున విరేచనంలో వస్తుందిలే’ అని ఆగకూడదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి. ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చే పిల్లల్లో చాలామంది తిడతారన్న భయంతో దాచినవాళ్లే. గ్లాసు పగలగొట్టి ముక్కలు పరుపు కింద తోస్తారు, చెయ్యి తెగితే గుడ్డ కట్టుకుని చొక్కా చేతిలో దాస్తారు, ఏదో మింగి గమ్మున ఉంటారు. అందుకని వదిలి వెళ్లేముందు ఒక ఒప్పందం చేసుకోండి: నేను ఇంట్లో లేనప్పుడు ఏం విరిగినా, ఏం పోయినా, ఫోను చేసి చెబితే తిట్టను. చెప్పి, ఆ మాట మీద నిలబడండి. ఒక్కసారి తిట్టారా, ఆ ఒప్పందం అక్కడితో సరి. మంట వస్తే మంచం కింద, బీరువా వెనక దాక్కునేది కూడా ఈ భయంతోనే. అగ్నిమాపక సిబ్బంది వచ్చి పిలిచినా పలకరు. పొగ వస్తే నేలకు వంగి తలుపు దగ్గరికి పాకాలని, ఏదీ తీసుకోవడానికి వెనక్కి పోవద్దని, ఒంటి మీద బట్టలకు అంటుకుంటే ఆగి, పడి, దొర్లాలని ఇంట్లోనే ఆడించి చూపండి. పిల్లలకు అది ఆటే.

తలుపు తట్టేవాళ్ల, ఫోను చేసేవాళ్ల సంగతి. ‘అమ్మానాన్న ఇంట్లో లేరు’ అనే మాట పిల్లాడి నోట రాకూడదు. ఫోను వస్తే ‘అమ్మ పనిలో ఉంది, మళ్లీ చేయమని చెబుతా’ అనాలి. పార్సిలు వస్తే తలుపు తీయకుండా ‘గేటు దగ్గర పెట్టండి’ అంటే చాలు. ఎవరైనా ఓటీపీ అడిగితే అమ్మను అడిగి చెబుతానని ఫోను పెట్టేయాలి. అయితే ముక్కూమొహం తెలియనివాళ్ల గురించే జాగ్రత్తలు చెప్పి ఊరుకోవద్దు. పిల్లల మీద జరిగే లైంగిక దాడుల్లో ఎక్కువ భాగం చేసేది తెలిసినవాళ్లే, మామయ్య వరస, ట్యూషన్ సారు, రోజూ కనబడే వాచ్‌మన్. ‘బాబాయి వచ్చాడు కదా అని తీశా’ అనే మాట రాకుండా ఉండాలంటే ఒక రహస్యపు మాట పెట్టుకోండి, మీరు పంపిన మనిషి ఆ మాట చెప్పాలి. చెప్పకపోతే సొంత మేనమామైనా బయటే నిలబడతాడు. ఆయన నొచ్చుకుంటే తర్వాత మీరు సర్ది చెప్పుకోవచ్చు.

పెద్ద పిల్ల ఉంది కదా అని చిన్నవాణ్ని అప్పగించడం గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. తనంతట తాను ఉండగలగడం ఒకటి, ఇంకొకరిని చూసుకోవడం ఇంకొకటి. పదకొండేళ్ల అక్క పుస్తకం చదువుకుంటూ మూడు గంటలు హాయిగా ఉంటుంది. మూడేళ్ల తమ్ముణ్ని అప్పగిస్తే ఆ మూడు గంటల్లో వాడు బకెట్లో తల పెట్టొచ్చు, వేరుశనగ గింజ గొంతులో అడ్డం పడొచ్చు, బాల్కనీలో ముక్కాలిపీట జరుపుకుని పిట్టగోడ ఎక్కొచ్చు. వీటిలో ఏది జరిగినా ఆ తర్వాత జన్మంతా ఆ పిల్ల మోస్తుంది. ఆడపిల్ల కదా, చూసుకుంటుందిలే అనే మాట మానేయాలి. అయిదేళ్ల లోపు బిడ్డకు పద్నాలుగేళ్లు నిండనివాళ్లను కాపలా పెట్టొద్దని మా అభిప్రాయం. కొట్టుకునే వయసు అన్నదమ్ములను కలిపి వదలడం కూడా ఒంటరిగా వదలడం కంటే కష్టమే.

ఇల్లు దాటితే మనకు ముందు కాల్వలు. ఏలూరు, బందరు, రైవస్ కాల్వలు ఊరి నడుమ నుంచే పోతాయి. మధ్యాహ్నం ఉక్క తట్టుకోలేక క్రికెట్ ఆడే పిల్లలు నేరుగా అక్కడికే పోతారు. పైకి నీళ్లు కదలనట్టు కనిపిస్తాయి, దిగితే కాళ్లను ఈడ్చుకుపోతాయి. గట్టు సిమెంటు వాలుగా ఉండి పాచి పట్టి ఉంటుంది, దిగిన చోట ఎక్కలేరు, మెట్లున్న చోటు చాలా దూరం. కృష్ణలో ఇసుక తవ్విన గుంటలు పైకి కనబడవు, మోకాలి లోతు నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో తల మునుగుతుంది. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే దిగువ ఇసుకలో ఆడుతున్నవాళ్లకు నీళ్లు ఎప్పుడొచ్చాయో కూడా తెలియదు. ఒకరు మునిగితే చెయ్యిచ్చి లాగబోయి ఇంకొకరు, అలా ఇద్దరు ముగ్గురు పోతుంటారు. పిల్లలకు నేర్పాల్సింది: నీళ్లల్లోకి దిగొద్దు, చెయ్యి ఇవ్వొద్దు, గట్టు మీద బోర్లా పడుకుని కర్రో చున్నీయో అందించు, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసురు, గట్టిగా కేకలెయ్యి. ఈత వచ్చిందని కాల్వకు పంపడం తప్పు, కొలనులో నేర్చిన ఈత ప్రవాహంలో నిలవదు.

కింద ఆపిన కార్లు ఇంకొకటి. ఎండలో ఉన్న కారు లోపల పది నిమిషాల్లోనే బయటి కంటే పది డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కుతుంది. దాగుడుమూతల్లో వెనక తలుపు తీసి లోపల దూరిన పిల్లాడికి చైల్డ్‌లాక్ ఉంటే తలుపు లోపల నుంచి తెరుచుకోదు. కారు తాళంచెవులు మేకుకు కాదు, బీరువాలో పెట్టండి. చాలా కార్లలో ఇంజిన్ ఆపి ఉన్నా హారన్ మోగుతుంది, ఆ బొత్తాం ఎక్కడుందో పిల్లలకు చూపండి. జాలీ గేటు లిఫ్టుల్లో పదేళ్ల లోపు పిల్లలను ఒంటరిగా ఎక్కనీయొద్దు. సంపు మూతకు, డాబా తలుపుకు తాళం ఉందా అన్నది అపార్ట్‌మెంట్ సంఘం పని, నెల నెలా మెయింటెనెన్స్ వసూలు చేసేటప్పుడు గుర్తు చేయండి. రోడ్డు దాటడం పదేళ్ల దాకా ఒంటరిగా వద్దు. వచ్చే బండి ఎంత దూరంలో ఉందో చూస్తారు గానీ ఎంత వేగంతో వస్తోందో పిల్లలు అంచనా కట్టలేరు. స్కూటీ తాళాల మాటా అంతే. మైనరుకు బండి ఇచ్చి దొరికితే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని మోటారు వాహనాల చట్టంలో 2019 నుంచి ఉంది.

ఇవన్నీ చదివి ‘మాకు వీలు కాదు’ అనే తల్లులున్నారు, వాళ్ల మాట నిజమే. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీయడానికి పొద్దున్నే పనికి పోయే తల్లి ఆర్‌సీసీబీ ఎక్కడ తెస్తుంది? వాళ్లకు మేం చెప్పగలిగింది తక్కువే. ఒకే వాడలో ముగ్గురు నలుగురు తల్లులు కలిసి, పనికి పోలేని ఒక పెద్దామెకు రోజుకు ఇంతని ఇచ్చి పిల్లల్ని ఒక ఇంట్లో ఉంచితే మేలు. చిన్నపిల్లలైతే అంగన్‌వాడీ ఉంది. అది కుదరకపోతే తలుపు తెరిచే ఉంచి, పక్కింటివాళ్లకు అప్పజెప్పి వెళ్లండి, బయట తాళం మాత్రం వద్దు. దొంగ పట్టుకెళ్లేది ఏముంటుంది చెప్పండి, ఉన్నదల్లా ఆ బిడ్డే కదా.

మీ పత్రికకు ఒక మనవి. విజయవాడ, గుంటూరు జిల్లా పేజీల్లో సెలవులు మొదలయ్యే రోజున ఒక చిన్న పెట్టె కట్టి ఈ నంబర్లు పెద్ద అక్షరాల్లో వేయండి, కత్తిరించి తలుపు లోపలివైపు, పిల్లాడి కంటి ఎత్తులో అంటించుకునేలా: ఏ ఆపదకైనా 112, మంటలకు 101, అంబులెన్సుకు 108, పిల్లల కోసం 1098, గ్యాసు కారితే 1906, తెగిన కరెంటు తీగకు 1912. దాని కింద మూడు గీతలు ఖాళీగా వదలండి. అమ్మ నంబరు, నాన్న నంబరు, ఎదురింటి నంబరు పిల్లాడి చేతి రాతతోనే రాయించాలి. రాసిందే వాడికి గుర్తుంటుంది.

ఇట్లు,
కొందరు ఉపాధ్యాయులు, పిల్లల వార్డు నర్సులు
విజయవాడ